జ్ఞానమ్మ మధ్యాహ్నపు బువ్వ

ఏందమ్మాయ్, కౌన్సిలింగా? దానిక్కూడా రెండేళ్ళ చదువుందా? మంచిది, మంచిది. పెద్దాసుపత్రిలో గదిచ్చారు, కుర్చీ ఇచ్చారు, బోర్డు మీద నీ పేరు రాశారు, ఇంకేం కావాల. నవ్వట్లేదులే. మీ తాత యేసుపాదం ఉంటే పేటంతా చాక్లెట్లు పంచేవాడు. కూర్చో, ఆ స్టూలు కాదు, దానికో కాలు ఊగుద్ది, ఇటు రా. దుఃఖంలో ఉన్నోళ్ళతో ఎట్టా మాట్లాడాలో నేర్పుతారని నువ్వు చెప్తుంటే నాకు జ్ఞానమ్మ గుర్తొచ్చింది. నీకు తెలవదులే, నువ్వు పుట్టకముందే పోయింది. ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. చదువా? వేలిముద్ర. కొడుకు కాలవలో పడి పోయినాక వినుకొండ వైపు నుంచి ఒక్కతే మాచర్లకొచ్చి, ఆస్పత్రిలో పని చూసుకుని, నా షెడ్డు ఎనక సందులో గది తీసుకుని ఉండేది. చర్చి మనిషి.

ఎనభై అయిదులో మా షాహిదా పోయింది. మా ఇంటామె. మే నెల. ఎండ సంగతొస్తే పేపరోళ్ళు రెంటచింతల పేరే వేస్తారుగాని, మాచర్లేమన్నా తక్కువ తిన్నదా? అప్పుడు నాది ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు, బస్టాండు ఎనక. రైతులు పొద్దున్నే ఇంజను తెచ్చి పడేసి, సాయంత్రానికి కావాలంటారు, అదేదో దోసె పోసినట్టు. ఆ రోజు ఒక పిస్టను బిగుసుకుపోయింది. ఇంటికి పోయే తీరిక లేక, అటు పోయే మనిషితో కబురు పెట్టా, అన్నం క్యారేజీ పట్టకరమ్మని. ఒంటిగంట ఎండ. వచ్చింది. క్యారేజీ బల్ల మీద పెట్టింది, తల తిరుగుతంది అన్నది, కూలబడింది. సాయంత్రానికల్లా అయిపోయింది. వడదెబ్బ. అంతే.

రెండు వారాలకి రంజాన్ నెల వచ్చింది. రోజాలు ఉన్నా. మాలో అందరూ ఉండే ఉపవాసాలేగా, ఎవురికీ అనుమానం రాలా. పండగైంది. పండగ తెల్లారి నుంచి మళ్ళా ఉన్నా. పండగ తర్వాత ఇంకో ఆరు రోజాలు ఉంటే మంచిదని ఉందిలే, ఇష్టమున్నోళ్ళు ఉంటారు. మసీదు కాడ ఫరీద్ సాబ్ నా భుజం తట్టి, 'శెభాష్ సత్తారూ, ఇంత కష్టంలో కూడా నియ్యత్ వదల్లా నువ్వు' అన్నాడు. నియ్యత్ అంటే సంకల్పంలే. నేనూ తలూపా. అల్లా నన్ను క్షమించాల, ఆ రోజాలు ఆయన కోసం కాదు. నా అన్నం కోసం వచ్చి పోయింది గదా మనిషి, ఇంక నాకు మధ్యాహ్నం అన్నమేందని. ఎవురికి చెప్తాం ఈ మాట? ఆరు అయినయి, పది అయినయి, ఇరవై అయినయి. పొద్దుగూకినాక మా అక్క వండిపెట్టింది రెండు ముద్దలు తిని లేచేవాణ్ణి. మా అమ్మాయి హలీమాకి అప్పుడు పదేళ్ళు. ఒకనాడు తిరుగుతా ఉన్న ఇంజను పక్కన కళ్ళు తిరిగి బెల్టు మీదికి ఒరిగా. చొక్కా పోయింది, చెయ్యి మిగిలింది. ఇదిగో చూడు, మచ్చ. ఇంకొక్క జానెడు ఒరిగుంటే ఆ పిల్లకి తండ్రి కూడా లేడు.

ఆ మర్నాడు పన్నెండింటికి జ్ఞానమ్మ వచ్చింది. పరామర్శేమో అనుకున్నా. అప్పటికి ఎంతమంది వచ్చారనుకున్నావ్! 'దేవుడి ఇష్టం అన్నా', 'పిల్ల మొహం చూసి గుండె రాయి చేసుకో'. నేనేం చేసుకోవాలో ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. జ్ఞానమ్మ అవేం అనలా. పాత టైరు మీద చతికిలబడి, 'ఒరేయ్ సత్తారూ, ఆరు ఎప్పుడో అయిపోయినయిగా, ఏడోది ఎవరి కోసంరా?' అన్నది. స్పానరు తీసుకుని ఇంజను మీదికి వంగా. మా ఆడోళ్ళ కాన్పులన్నిటికీ దగ్గరున్న మనిషి, మా పండగలూ రోజాలూ ఆమెకి వేళ్ళ మీదుండేవి. తన గిన్నె మూత తీసి, 'కొడుకు పోయినకాడ్నుంచి ఒక్కదాన్నే తింటే నాకు ముద్ద దిగట్లా. నువ్వు తినబాకలే, ఊరికే ఎదురుగా కూర్చో' అన్నది. సరే, పాపం ముసలిది, కూర్చుంటే పోయేదేముందని కూర్చున్నా.

రోజూ అంతే. నాలుగో రోజో అయిదో రోజో, అన్నం కలిపి ఆపేసింది. 'ఇంక పోవట్లేదురా. నువ్వో ముద్ద తింటే నేనో ముద్ద తింటా.' ఆమె కోసమని తిన్నా. గోంగూర పచ్చడి. నోట్లో పెట్టుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది, ఏడుస్తానే తిన్నా, నీ దగ్గర దాచేదేముంది. అప్పుడు చెప్పా, ఆ ఎండలో నేనే రమ్మన్నా జ్ఞానమ్మా అని. ఇక్కడ మీ చదువులో ఏమనమంటారు? నీ తప్పేం లేదనమంటారా? ఆమె అట్టా అనలా. 'అవును, నువ్వే రమ్మన్నావు' అన్నది. అని, మంచినీళ్ళు తాగి, 'క్యారేజీలో ఏం తెచ్చింది?' అని అడిగింది. నాకేం తెలుసు? మూత కూడా తియ్యలా నేను. ఇంటికి పోయి హలీమాని అడిగా. వాళ్ళమ్మ పోయినాక దాని ముందు వాళ్ళమ్మ మాటెత్తడం అదే మొదలు. 'చింతచిగురు పప్పు అబ్బాజాన్. చిగురు నేనే దూశా. పుల్లలు ఏరలేదని అమ్మీ తిట్టింది' అన్నది. ఏం తిట్టిందో చెప్పమన్నా. చెప్పింది. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం. అంత పిల్ల రెండు నెలల నుంచీ నోరు కుట్టేసుకుని తిరుగుతా ఉంటే, నా దుఃఖమే నాకు పెద్దదైపోయింది, చూడు.

తర్వాత నా క్యారేజీ నేనే పట్టకపోవటం మొదలుపెట్టా. 'ఆ గడ్డం గీయించుకోరా, బిచ్చగాడివనుకుని చిల్లరేస్తారు' అన్నది, గీయించుకున్నా. ఇంకో వారానికి ఆమె రావటం మానేసింది. నేనేమనుకున్నానో తెలుసా? ముసల్దాన్ని నేనే ఒక దారికి తెచ్చా అనుకున్నా. నాలుగేళ్ళు అదే అనుకున్నా!

ఎనభై తొమ్మిదిలో పోయింది. మీవాళ్ళు ఆదరణ కూడిక పెడతారుగా, పోయినోళ్ళని తలుచుకుని ప్రార్థన చేసుకుంటారు, దానికి నేనూ పోయా. ఎవరన్నా రెండు మాటలు చెప్పమంటే లేచి, ఆమెకి ముద్ద దిగకపోతే నేను తోడు కూర్చుని తినిపించానని చెప్పా, మీసం మెలేసినంత పని చేసి. టీకొట్టు యల్లమంద లేచాడు. 'నువ్వేంది సత్తారన్నా, తోడు కూర్చుంది నేను గదా, మా అబ్బాయి పోయిన ఏడు.' గ్రేసమ్మ టీచరు లేచింది, 'అదేంది, నాతో గదా తిన్నది' అని. చివర్న మీ తాత చెయ్యెత్తాడు. ఆ, మీ నానమ్మ పోయినప్పుడు. ప్రార్థనలో అట్టా నవ్వకూడదుగాని, చానాసేపు నవ్వాం. ఎంత మోసం చేసింది ముసల్ది, మనల్ని అందర్నీ కూర్చోబెట్టి తినిపించిందే అని.

పాస్టరుగారు కొత్తాయన. ఆయన కూడా నవ్వి, 'ఆమె కొడుకు పేరేంటండీ, ప్రార్థనలో తలుచుకుందాం' అన్నాడు. యల్లమంద నా మొహం చూశాడు, నేను మీ తాత మొహం చూశా. గ్రేసమ్మ టీచరు తలొంచుకుంది. అన్ని రోజులు ఎదురుగా కూర్చుని తిన్నామా, ఒక్కళ్ళం అడగలా. ముద్ద దిగట్లేదని ఆమె చెప్తానే ఉంది. అది మాకోసం అల్లిన అబద్ధమని నవ్వామేగాని...

ఆ ఫ్యాను కట్టెయ్యమ్మా. శబ్దమేగాని గాలి లేదు దానికి.