మూడో పెడలు

“ఆంటీ, గరాజ్‌లో రెండు స్పోర్ట్స్ కార్లు పక్కపక్కనే పెట్టుకున్నరు కదా. కిరణ్ గారి కొత్త కార్వెట్ గొప్పదా, మీ పాత మస్టాంగ్ గొప్పదా? మా క్లాస్‌మేట్స్ దీని మీద కొట్టుకుంటున్నరు. ఫోన్‌లో రికార్డ్ చేస్తున్న, నిజం చెప్పాలె.”

కొట్టుకోనీ, మంచిదే. ఆ కుర్చీ ఇటు లాక్కో మౌనికా, ఎండ మొహాన పడుతుంది. నువ్వు కింద బేస్‌మెంట్‌లో అద్దెకి దిగి నెల కూడా కాలా, నీకీ ఇంటి గొడవలు తెలీవు.

ముందు ఒక మాట. మా అబ్బాయి కార్వెట్‌ని నేను తీసిపారెయ్యను. మా ఆదివారం బ్యాచ్ ఉంది చూడు, పొద్దున్నే షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో పాత కార్లు నిలబెట్టుకుని, మడతకుర్చీలేసుకుని కాఫీ తాగే ముసలాళ్ళం, వాళ్ళందరూ దాన్ని తిట్టేవాళ్ళే. ఇంజన్ వెనక పెట్టారంట, అది ఇటలీ వాళ్ళ పద్ధతంట, అమెరికా కారంటే ముందు ఇంత పొడుగు బానెట్ ఉండి దాని కింద ఇంజన్ ఉండాలంట. రే అని ఉన్నాడులే, పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, అరవై తొమ్మిది మోడలు కమారో కారు వాడిది, వాడైతే మరీనూ. “ఒకసారి కూచుని చూడు, తర్వాత తిట్టు” అన్నా. కూచోడు. నేను కూచున్నా. డెబ్భై ఏడేళ్ళదాన్ని, లోపలికి దూరానే గానీ బయటికి రావడానికి మా వాడు రెండు చేతులూ పట్టుకుని లాగాల్సొచ్చింది, అది వేరే సంగతి. కానీ అమ్మాయ్, మలుపులో నేలని కరుచుకుని పోద్ది. బ్రేకేస్తే ఉన్నచోటే ఆగుద్ది. నువ్వు తప్పు చేసినా అదే సర్దుకుంటది. నా దానికి ఆ జాలి లేదు. నువ్వు తప్పు చేస్తే అప్పటికప్పుడే చెప్పుద్ది.

మరి నాకు నచ్చనిదేంటంటావా? రెండే పెడల్స్. క్లచ్ లేదు, కావాలన్నా ఇవ్వరంట. గేర్లు దానంతటదే మార్చుకుంటది. నేను ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చి జనాన్ని నిద్రపుచ్చినదాన్ని. నన్ను నిద్రపుచ్చే కారు నాకెందుకు చెప్పు? ఇంకా కొన్ని కొత్తవాటిల్లో ఇంజన్ చప్పుడు కూడా స్పీకర్లోంచి వినిపిస్తారంట. పెళ్ళిలో సన్నాయి మేళం బదులు టేపు పెట్టినట్టు.

నా దానికీ వంకలు పెట్టేవాళ్ళున్నారులే. ఆరు సిలిండర్లే గదా. ఎనిమిదుంటేనే ఈ మగాళ్ళకి లెక్క. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌ని సెక్రటరీ కారంటారు ఇక్కడ, ఆఫీసుల్లో టైపు కొట్టుకునే ఆడపిల్లలు కొనేవాళ్ళని. రే మొదటిసారి నన్ను చూసి ఆ మాటే అన్నాడు. “ఆ పిల్లలు వాళ్ళ జీతంతో వాళ్ళే కొనుక్కున్నారు రే. నీ కమారో మీ నాన్న కొనిచ్చాడని నువ్వే గదా చెప్పావ్” అన్నా. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. ఆ రోజు నుంచే మాకు స్నేహం.

నేనెట్టా కొన్నానో చెప్తా. డెబ్భై ఒకటిలో ఈ దేశం వచ్చా, చికాగో ఆస్పత్రిలో రెసిడెన్సీకి, అంటే పై చదువుకి. మీ అంకుల్‌కి ఇంకా వీసా రాలా, గుంటూరులోనే ఉన్నారు. ఆస్పత్రి నుంచి ఫోనొస్తే ఇరవై నిమిషాల్లో అక్కడుండాలి నేను. బస్సు కోసం నిలబడితే చలికి చెవులు రాళ్ళయిపోయేవి. మా ఆస్పత్రి లాండ్రీలో డోరతీ అని పెద్దావిడ ఉండేది, మంచి మనిషి. వాళ్ళబ్బాయి మిలిటరీలో చేరుతూ కారు అమ్మేస్తున్నాడంది. అరవై ఏడు మోడలు. నీలం... కాదు, నీలమనేసేదాన్ని గానీ ఆకుపచ్చ కలిసిన నీలం, నెమలి మెడ రంగనుకో. చూశా, కొన్నా. చదువు మా నాన్న నిర్ణయం. పెళ్ళి మా మేనత్త చూసింది. మత్తు డాక్టర్ని కూడా, ఆ సీటే దొరికింది కాబట్టి అయ్యా. ఈ కారొక్కటే నేను చూసి, నాకు నచ్చి, ఎవర్నీ అడక్కుండా తెచ్చుకుంది. అందుకే దాని జోలికొస్తే నాకు మా చెడ్డ కోపం.

డ్రైవింగ్ రాదు మరి! డోరతీయే నేర్పింది, ఆదివారాలు చర్చి నుంచొచ్చాక, ఆస్పత్రి వెనక ఖాళీ జాగాలో. ఎడంకాలు తొందరపడగూడదు, కుడికాలు భయపడగూడదు అనేది. పెట్రోలు గాలన్ ముప్ఫై అయిదు సెంట్లో ఎంతో, అందుకని ఎంతసేపు తిప్పినా బాధ లేదు. మీ అంకులొచ్చాక చూసి ఏమన్నారో తెలుసా? “రెండు తలుపుల కారేంటి, రేపు సంసారం ఎక్కడ కూచుంటది?” అన్నారు. సంసారానికి మీరొకటి కొనండి, ఇది నాది అన్నా. కొన్నారు పాపం, పడవలాంటిదొకటి.

ఆ... మంచు సంగతి చెప్పాలి నీకు. ఈ కారుకి బరువంతా ముందే. తిప్పేదేమో వెనక చక్రాలు. మంచులో వెనక్కి బరువు లేకపోతే బొంగరమే. ఇక్కడోళ్ళు ట్రంక్‌లో, అదే డిక్కీలో, ఇసుక బస్తాలు వేసుకుంటారు. ఇసుకెందుకు దండగ అని నేను చైనాటౌన్ నుంచి యాభై పౌన్ల బియ్యం బస్తాలు రెండు తెచ్చి వేశా. చలికాలమంతా బ్రహ్మాండంగా నడిచింది. ఒకసారి డెట్రాయిట్ నుంచి మన వాళ్ళు, రెండు కుటుంబాలు, చెప్పాపెట్టకుండా దిగారు. నేను పడుకున్నాక మీ అంకుల్ నాతో చెప్పకుండా రెండు బస్తాలూ ఇంట్లోకి మోసుకొచ్చి వాళ్ళ చేత పులిహోర చేయించారు. తెల్లారి నేను డ్యూటీకి పోతే, ఆస్పత్రి గేటు మలుపులో కారు గిర్రున ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి నిలబడింది! గార్డు పరిగెత్తుకొచ్చాడు. నాకు నవ్వూ, భయమూ రెండూ. ఇంటికొచ్చి అడిగా, “పులిహోర బాగుందా అండీ” అని. పాపం, నిజంగా అడుగుతున్నాననుకుని ఉప్పు కాస్త తగ్గిందన్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది.

ఎక్కడున్నా? ఆ, అసలు సంగతి, నా మోకాలు. పోయిన శీతాకాలం ముందు ఎడమ మోకాలు పోయింది. కుడిదైతే ఇంత బాధ లేదు, ఎడమది క్లచ్ కాలు. పాత కారు గదా, క్లచ్ నొక్కితే రోలు జరిపినట్టుంటది. రెండు వీధులు తిరిగొచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు. అయినా ఎవరికీ చెప్పలా. కిరణ్ కనిపెట్టేశాడు. వాడు సిటీలో కాండో ఫ్లాట్‌లో ఉంటాడు, కార్వెట్ మటుకు నా గరాజ్‌లో పెట్టుకుని శనాదివారాలు వచ్చి నడుపుకుంటాడు, తెలుసుగా.

ఒకరోజు పొద్దున గరాజ్ తీస్తే ఇంత చెక్కపెట్టె. ఏంట్రా అంటే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అంట. నా మస్టాంగ్‌కి పెట్టించేస్తాడంట. “బయటికి ఏమీ కనపడదమ్మా, క్లచ్ పెడల్ ఒక్కటే తీసేస్తారు” అన్నాడు. ఒక్కటేనంట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “చెడింది నా మోకాలైతే ఆపరేషన్ కారుకెందుకురా?” అన్నా. వాడు ఏదో చెప్పబోయాడు. నేను వింటేగా!

ఆదివారం బ్యాచ్‌లో చెప్తే ఇక చూడు, సభే సభ. ఒకాయన చేయించుకో డాక్టర్, నడపకుండా మూలన పెట్టేకంటే నయం అన్నాడు. ఇంకొకాయన, ఫ్యాక్టరీలో వచ్చినట్టుంటేనే దానికి విలువ, ముట్టుకోవద్దన్నాడు. రే మటుకు మా ఇంటికొచ్చి, స్నానాల గదిలో బరువు చూసుకునే మిషన్ ఉంటుంది చూడు, అది అడిగి తీసుకుని, క్లచ్ పెడల్‌కి ఆనించి నొక్కి చూశాడు. ముప్ఫై ఆరు పౌన్లు. “నీ కొత్త మోకాలు ఇంత నొక్కాలి. అంతే, మిగతాదంతా కబుర్లు” అన్నాడు.

మోకాలు మార్పించుకున్నా. ఫిజికల్ థెరపీలో టీనా అనే పిల్ల మొదటి రోజే అడిగింది, మీ గోల్ ఏంటి అని. అందరూ మెట్లెక్కాలి, మనవళ్ళతో ఆడుకోవాలి అని చెప్తారంట. నేను ముప్ఫై ఆరు పౌన్లు ఎడంకాలితో నొక్కాలి, నొక్కి మెల్లిగా వదలాలి అన్నా. క్లచ్ అంటే ఏంటో ఆ పిల్లకి తెలీదు! కాయితం మీద బొమ్మ గీసి చూపించా. పాపం, నా కోసం ఒక పెడల్ లాంటిది తయారుచేసింది. పళ్ళు బిగించుకుని పది వారాలు చేశా. నొప్పి సంగతి చెప్పను, చెప్తే నువ్వు నీ మోకాళ్ళ గురించి భయపడతావ్.

మే నెలలో ఒక శనివారం తాళంచెవి తీశా. కిరణ్ పక్కన కూచున్నాడు, తలుపు పట్టుకుని. క్లచ్ నొక్కా. దిగింది! నొప్పుంది గానీ దిగింది. రివర్స్‌లో బయటికొచ్చి, వీధి చివర స్టాప్ సైన్ దాకా పోయా. అక్కడ ఎడంకాలు వణికింది, కారు ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశా, మళ్ళీ ఆగింది. వెనక కార్లు. హారన్ కొట్టరులే ఈ ఊళ్ళో, ఓపిగ్గా చూస్తా నిలబడతారు, అదింకా చిన్నతనం. “ఏరా, కాసేపు నువ్వు తీసుకో” అన్నా. ఎప్పుడూ ఎవరితో అనని మాట. వాడు కదల్లా. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. “నాకు రాదమ్మా” అన్నాడు.

యాభై ఏళ్ళున్నాయి వాడికి. గుండె డాక్టరు. నాకు ఆ క్షణం దాకా తట్టలేదు చూడు.

“ఆ పెట్టె నీ మోకాలి కోసం కాదమ్మా. నా కోసం. నీ తర్వాత ఇది నేనే నడపాలి గదా, ఎవరికో అమ్మలేను. క్లచ్ రాదని చెప్పడానికి సిగ్గేసింది” అన్నాడు.

పదహారేళ్ళప్పుడు అడిగాడమ్మా వాడు. నేర్పమ్మా అని. ముందు చదువుకో అన్నా. మళ్ళీ అడిగితే, నీకేమన్నా అయితే ఎట్టారా, భయం నాకు అన్నా. భయం కాదు మౌనికా. నీ దగ్గర దాచడమెందుకు. నాదాన్ని ఇంకొకళ్ళ చేతికివ్వడం నాకిష్టం లేదు. కన్నకొడుకైనా సరే. మూడోసారి వాడు అడగలా. లోకంలో అందరికీ క్లచ్ గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చా. టీనాకి బొమ్మ గీసి మరీ చెప్పా. వాడికి చెప్పలా. ఏడుపొచ్చింది నాకు, ఆ స్టాప్ సైన్ దగ్గరే, వెనకోళ్ళు చూస్తుండగానే.

దిగా. నువ్వూ దిగి ఇటొచ్చి కూచోరా అన్నా. నేను చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూచున్నా. వెనకోళ్ళని పక్కనుంచి పొమ్మని చెయ్యూపా. ఎన్నిసార్లు ఆపేశాడో లెక్క లేదు. చెమటలు కారిపోయాయి, ఎవరి గుండెనో కోసేటప్పుడు కూడా అంత పట్టవేమో. ఇంటికొచ్చేసరికి ముప్పావుగంట, నడిస్తే నాలుగు నిమిషాల దారి. ఒక్కసారి కూడా విసుక్కోలా నేను. నమ్మవు కదూ? నిజం.

ఆ పెట్టె ఏమైందంటావా, రే వాళ్ళ బావమరిదికి ఇచ్చేశాం, వాడి కారుకి పనికొస్తదంట.

పోయిన శనివారం నువ్వు లైబ్రరీకి పోయినప్పుడు, వాడు ఒక్కడే తీసుకెళ్తానన్నాడు. నేను రాకుండా. సరే పో అన్నా. డ్రైవ్‌వేలో కర్ర పట్టుకుని నిలబడ్డా. సందు తిరిగాడు, కారు కనపడలా, చప్పుడే. ఒకటో గేరు, రెండు... రెండోదానికి కాస్త తడబడ్డాడు, సర్దుకున్నాడు... మూడు. యాభై ఏళ్ళపైన అయింది అమ్మాయ్, అది దూరంగా పోతుంటే ఎట్టా వినపడుద్దో నాకు తెలీనే తెలీదు. ఎప్పుడూ లోపల నేనే గదా. ఇంత బాగుంటదా అనుకున్నా. అట్టా నిలబడిపోయా...

చల్లగా ఉండమ్మా నువ్వు, నీకు నచ్చింది నువ్వు కొనుక్కుని నువ్వే నడుపుకో, ఎవర్నీ అడగమాక. కానీ ఎవరన్నా నిన్ను నేర్పమని అడిగితే మటుకు... అదిగో, ఇవాళ కూడా ఒక్కడే తీసుకెళ్ళాడు, తిరిగొస్తున్నాడు, వింటున్నావా? మూడోదాంట్లోంచి రెండుకి దించాడు. మలుపు దగ్గరికొచ్చినట్టున్నాడు... ఉండు, ఉండు, మాట్లాడకు...