చూసి వేసిన సున్నా

సభాధ్యక్షులు నరసింహప్పగారికి, నన్ను ఇన్నేళ్లు భరించిన మా మండలాఫీసు సిబ్బందికి, పనులు మానుకొని వచ్చిన రైతులకు, మూడో వరుసలో తలవంచుకొని కూర్చున్న ప్రోగ్రామరు కిరణ్‌కు నమస్కారాలు. తల ఎత్తు నాయనా, ఈ రోజు నిన్ను తిట్టను. (నవ్వులు)

ఈ రిటైర్మెంటు సభలో ముందు మాట్లాడినవాళ్లు ఈ వెంకటరాముడికి కోపమే రాదన్నారు. ఆ మాటకు నా భార్య ఓబమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వడం వేదిక మీద నుంచి నేను చూశాను.

నా పని మీకు తెలిసిందే. ఏ ఊళ్లో ఎంత వాన పడిందో రాసి జిల్లాకు పంపడం. వాన పడని సీమలో వాన గుమాస్తాకు పనేమిటని మా బావమరిది ఇప్పటికీ అడుగుతాడు. 2002లో మాకు కంప్యూటరు వచ్చింది. కిరణ్ రాసిన ప్రోగ్రాము ఏ గడి ఖాళీగా వదిలినా ఊరుకునేది కాదు, ఏటా ఆ తేదీల్లో ఆ ఊళ్లో మామూలుగా పడే వాన ఎంతో తనే చూసుకొని నింపేసేది. శ్రమ తగ్గిందని అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

మరుసటేడు ఆగస్టులో, బయ్యన్న వాళ్ల ఊళ్లో వాన కొలిచే రెయిన్‌గేజి చూసే మన తిప్పయ్య జ్వరంతో ఐదు రోజులు లేవలేదు. అతను రాసి పంపే వాన చీటీలు రాలేదు, గడులు నేను వదిలేశాను, కంప్యూటరు నింపింది, నేను చూడకుండా సంతకం పెట్టాను. వాన పడిందని కాగితం జిల్లాకు పోయి, కరువు జాబితాలో ఆ ఊరి పేరు లేకుండా పోయింది. అదిగో, కిటికీ దగ్గర నిలబడ్డాడే బయ్యన్న, ఎండిన వేరుశనగ కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఏమప్పా, నీ డబ్బాలో పడిన వాన మా చేన్లో యాడ పడినాదో వచ్చి చూపిచ్చు రా" అన్నాడు. జాబితా సరిచేయించడానికి ఇరవై రోజులు తిరిగాను, సరిచేయించాను కూడా. అయినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కిరణ్‌తో పోట్లాడాను. "సార్, ప్రతిదీ మిమ్మల్ని అడుగుతా కూర్చుంటే మీకే విసుగొస్తాది" అంటూనే, ఖాళీ గడిని నింపాలా, వదిలేయాలా అని మనమే ఎంచుకొనే సెట్టింగు పెట్టాడు. ఆ రుచి మరిగాక నేను ఊరుకున్నానా? అక్షరాల సైజు, గడుల రంగు, తేదీ రాసే తీరు, ఏ ఊరి పేరు ముందు రావాలి, అన్నీ కలిపి ఇరవై మూడు సెట్టింగులు పెట్టించుకున్నాను. నేను రెండు రోజులు కదిరికి పెళ్లికి పోయి వచ్చేసరికి, కొత్తగా చేరిన సుజాత నెల రిపోర్టు తీయలేక ఏడుపు మొహంతో కూర్చుంది. "సార్, మీరు సెలవు పెడితే కంప్యూటరు గూడా సెలవు పెడతాండాది" అంది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ నాకు కోపం వచ్చింది. వారం తర్వాత ఇరవై రెండు సెట్టింగులు తీసేయమని నేనే చెప్పాను.

మిగిలిన ఆ ఖాళీ గడి సెట్టింగు ఒక్కటే నా బెంగ. ప్రోగ్రాము మార్చి పంపిన కొత్త సీడీ వేసిన ప్రతిసారీ అది చెరిగిపోయి, కంప్యూటరు మళ్లీ వానలు కురిపించేది. నేను గుర్తుపెట్టుకొని మార్చేవాణ్ణి. రిటైరయ్యాక ఎవరు మారుస్తారు? మొన్న సోమవారం కొత్త సీడీ వచ్చింది. ఆఖరుసారి మారుద్దామని కూర్చుంటే, మార్చడానికి ఏమీ లేదు. ఎవరూ ఏదీ ఎంచుకోకపోయినా ఖాళీ గడి ఖాళీగానే ఉంది, పక్కన "చూడలేదు" అని ఉంది. సుజాత రెండు నెలలు కిరణ్ వెంటపడి చేయించిందట. జిల్లా అంతటా ఇప్పుడు ఇదే. నాకెందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్తే ఇంకో పది సెట్టింగులు అడుగుతారని సార్" అంది.

అమ్మా సుజాతా, ఇక ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నన్ను గుర్తుపెట్టుకోకపోయినా పని నడుస్తుంది. నిజంగా నాకు చాలా సంతోషంగా ఉంది.

శాలువా కప్పిన పెద్దలకు, ఇంతమందికి ఉగ్గాని బజ్జీ చేసిన తల్లులకు నా కృతజ్ఞతలు. ఇక్కడికి వచ్చే ముందు తిప్పయ్య చీటీ అందింది, "వాన లేదు" అని. నేనే కంప్యూటరులో ఎక్కించి వచ్చాను. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను వేసిన ఆఖరి అంకె సున్నా. అయితే అది తిప్పయ్య పోయి, చూసి చెప్పిన సున్నా. ఆ తృప్తితో మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.