బయట బిగించిన గడియ

హలో… ఆ, నేనేరా, మీ బావని. … నెంబరదే, గొంతే మారింది. దుమ్ము. … ఉల్లిపాయల దుమ్ము. ముక్కులోకి, నోట్లోకి, చెవుల్లోకి కూడా పోయింది.

…

ఆ, బాగానే ఉన్నా. — బాగానే ఉంటే పొద్దున్నే నీకెందుకు చేస్తాను? బాగోలేను. ఒక పని చేసిపెట్టాలి. నవ్వనని మాటివ్వు ముందు.

…

కాదు, మాటివ్వు.

…

ఉల్లిపాయల గదిలో ఇరుక్కుపోయాను. … ఇరుక్కోవడమంటే, నేను లోపలున్నాను, గడియ బయట పడింది. … గాలికి గడియ పడుతుందట్రా! ఎవరో పెట్టారు. ఎవరో ఏంటి, నీ పెద్ద మేనకోడలే పెట్టింది. దాని అడుగుల చప్పుడు నాకు తెలీదూ? మెల్లగా వచ్చింది, టక్కుమని పెట్టింది, పరుగో పరుగు.

… నవ్వుతున్నావు. … దగ్గు కాదది. నీ దగ్గు నాకు తెలుసు.

…

మీ అక్కా? ఇంట్లోనే ఉంది. వంటింట్లో రేడియో మోగుతోంది. నేను తలుపు బాదేకొద్దీ దాని సౌండు పెరుగుతోంది. చెవుడొచ్చినట్టుంది మీ అక్కకి. … చేశా, ఎత్తలేదు. ఎత్తితే నీ కాళ్ళు పట్టుకుంటానా?

విను. నీ బస్సు మలుపు దగ్గరుంది కదా— … ఎలా తెలుసంటే కనపడుతోంది కాబట్టి. గోడకి పైన జాలీ ఉందిగా. మామూలుగా అయితే ఇందులోంచి ఆకులు తప్ప ఏం కనపడవు. ఇప్పుడు చెట్లన్నీ బోడిగుండ్లయ్యాయి, మలుపు దాకా ఒకటే చూపు. పసుపుపచ్చగా నిలబడి ఉంది. గబగబా నడిచొచ్చి ఈ గడియ తీసేసి వెళ్ళిపో.

…

పిల్లలుంటే ఉండనీ. బడికి కాస్త ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు.

…

బండి వదిలి రాకూడదా? రూలా? అబ్బో! చిన్నప్పుడు పక్కింటి సైకిలెత్తుకుపోయినప్పుడు లేని రూళ్ళు స్టీరింగు పట్టుకోగానే పుట్టుకొచ్చాయి.

…

లోపలా? లోపల గడియ లేదు. … ఉండేది. పీకేశాను. … నేనే పీకాను, నేనే బయట బిగించాను. … ఎందుకంటే పెద్దది లోపల గడియ పెట్టుకుని కూర్చునేది కదరా! పనికి పిలిస్తే పలకదు. ఈ బస్తాల మీదికెక్కి, ఈ జాలీ వెలుగులో పుస్తకం. పిల్లల్ని ఇంట్లోనే చదివిద్దామన్నాను కానీ, గడియ పెట్టుకుని చదవమన్నానా? అందుకే పీకి బయట బిగించా. గునపమేసినా ఊడదు. … లేదు, మంచి గడియ. ఆ మాటకి తిరుగులేదు. నా చేతి పనే కదా, ఇందాకట్నుంచి భుజంతో గుద్దుతూ నేనే పరీక్ష చేసుకుంటున్నా.

…

ఏం చదువుతున్నారంటే — అన్నీ చదువుతున్నారు. పొద్దున మీ అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెబుతుంది. సాయంత్రం లెక్కలు నావి. … ఈమధ్య కాస్త తగ్గింది. … కాస్త. … సరే, పుస్తకం ముట్టుకోలేదు! ఆకులు రాలడం మొదలైనప్పట్నుంచి ముట్టుకోలేదు, చాలా? ఉల్లిపాయలెవరు ఏరతారు? గుమ్మడికాయలెవరు మోస్తారు? చలి ముంచుకొస్తుంటే కట్టెలెవరు పేరుస్తారు, నువ్వొస్తావా బస్సేసుకుని?

…

ఏరడం కూడా చదువే. కుళ్ళేదేదో, నిలవుండేదేదో చేత్తో పట్టుకుని చెప్పడం చదువు కాదూ?

…

ఎవరన్నారు? … అదే అందా? "ఉల్లిపాయల చదువు పూర్తయింది మామయ్యా" అందా? … ఆ నోరు మా ఇంటిది కాదు. మీవైపు నుంచి దిగుమతైంది.

…

కోపం కాదురా. — కోపమే. ఈ గదిలో లైటు స్విచ్చి కూడా బయటే ఉందని ఇవాళే గమనించాను. కూర్చుందామంటే చోటు లేదు. బస్తాల మధ్య ఒక గుంట ఉంది, పెద్దది కూర్చుని కూర్చుని చేసుకున్నది. దాని ఒళ్ళు పట్టేంతే. నేనూ దూరి చూశా. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

…

చెప్పు, ఏదో నములుతున్నావు.

…

మళ్ళీ అదే పాట, దాన్ని బస్సెక్కించమని. ఎన్నిసార్లు చెప్పాను? ఊళ్ళో బడికి తాళమేసిన రోజు ఏమనుకున్నాం? పిల్లల్ని తెల్లారకుండా బస్సెక్కించి పట్నం పంపొద్దు, మన పిల్లలకి మనమే చెప్పుకుందాం అనుకున్నామా లేదా? ఆ మాట లేచి నిలబడి అన్నదెవరు? నేను. ఏడో తరగతితో మానేసినవాణ్ణి, అంతమందిలో లేచి మాట్లాడాను. చప్పట్లు కొట్టారురా. పుట్టి బుద్ధెరిగాక నాకెవరైనా చప్పట్లు కొట్టారంటే ఆ ఒక్క రోజే.

…

ఆ, వడ్రంగి. గట్టిగా కొట్టింది వాడే, ముందు జారుకుందీ వాడే. కొడుకుని తీసుకొచ్చి నీ బస్సెక్కించాడు. అప్పట్నుంచి వాడికీ నాకూ మాటల్లేవు. వానకి నా తలుపులు ఉబ్బితే నేనే చెక్కుకున్నాను కానీ వాడి గడప తొక్కలేదు. ఇప్పుడు నా కూతుర్ని నేనే పంపితే? వాడు వాకిట్లో నిలబడి నన్ను చూసి నవ్వడూ?

…

నవ్వడా? నీకేం తెలుసు? నేనైతే నవ్వేవాణ్ణి.

…

సరేలే, అదంతా తర్వాత. అసలు నువ్వక్కడ ఎందుకాపావు? మా ఊళ్ళో ఎక్కేది ఆ వడ్రంగి కొడుకొక్కడే. వాడెక్కి చాలాసేపైంది, నేను చూశా. ఇంకా ఎవరికోసం— … అద్దం తుడుస్తున్నావా? … చిన్నప్పట్నుంచీ నీకు అబద్ధం చేతకాదు, ఎందుకు పాట్లు?

…

ఆగు. … ఆగు, ఆగు. ఎవరు తుమ్మింది?

…

వడ్రంగి కొడుకు కాదు. మళ్ళీ తుమ్మింది. ఇప్పుడు మూడోది వస్తుంది చూడు. … వచ్చిందా? అలా వరసపెట్టి తుమ్మేది మా ఇంట్లో ఒక్కతే. ఉల్లిపొట్టు పడదు దానికి.

ఒరేయ్. … ఒరేయ్ బామ్మర్దీ. … అది నీ బస్సులో ఉందా? … నేనిటు తలుపు బాదుతుంటే ఎక్కేసిందా?

…

…

ఎప్పట్నుంచి అనుకుంటున్నారిది? … ఎవరెవరు? … మీ అక్క కూడానా? … బళ్ళో మాట్లాడిందీ తనేనా?

… ఆ సంచి! ట్రాక్టరు సీటు కవరు చింపి కుట్టింది మీ అక్క. ఏంటే అంటే ఉల్లి విత్తనాలకంది. విత్తనాల సంచికి భుజాలకి తగిలించుకునే పట్టీలెందుకని అడగాలని తోచలేదు నాకు. పైగా, కుట్టు బాగుందని మెచ్చుకున్నాను కూడా. … అందుకా రేడియో? … చెవుడొచ్చింది మీ అక్కకి కాదురా. నాకు.

…

దింపు. … దింపెయ్ దాన్ని. ఇప్పుడే దింపు.

…

ఏంటీ? … నేను 'ఊ' అంటేనే కదులుతావా? వద్దంటే దింపేస్తావా? … అందుకా అక్కడ ఆగిపోయావు? … ఫోను చెయ్యాలని చేతిలో పట్టుకుని కూర్చున్నావా? ధైర్యం చాల్లేదా? … మంచివాడివే. నా ఇల్లంతా కలిసి నన్ను కొట్లో పెడితే, నువ్వు మర్యాదగా వచ్చి అనుమతి అడుగుతున్నావు.

… వినపడుతోందా దానికి? … దానికివ్వు ఫోను. … ఇవ్వు. తిట్టను. … తిట్టనన్నానా!

…

ఏమ్మా.

…

నాన్నని లోపల పెట్టి గడియ వేస్తారా ఎవరైనా? … ఏంటి? గట్టిగా చెప్పు. … బయట గడియ ఎవరు బిగించారంటే…

ఆ. నేనే.

…

తెలుసు. అడిగావు. … అడిగావు, నేను కట్టెలు పేర్చమన్నాను. … అవును, ఆ తర్వాత అడిగినప్పుడూ పేర్చమన్నాను. కట్టెలున్నాయి మరి.

…

ఇంట్లో పుస్తకాలన్నీ అయిపోయాయా? … అట్లాసు కూడానా? … ఎరువు బస్తాల మీదవీ చదివేశావా. … చూశాను. మొన్న పురుగు మందు సీసా ఎండకి పట్టుకుని సన్నక్షరాలు చదువుతుంటే చూశాను. ఏం వెతుకుతోందో అనుకున్నా.

…

చెల్లికి నేను చెబుతాలే లెక్కలు. … నాకొచ్చినవే చెబుతా, రానివెక్కణ్ణుంచి తేను? … నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? … రెండూ ఏంటి, ఏదో ఒకటి చెయ్యి. ముక్కు తుడుచుకో. … జడెవరు వేశారు? … చెల్లా? అయితే వంకరే. … ఏం పర్లేదు, ఎవరూ చూడరు. చూసినా… చూడనీ.

… మామయ్యకివ్వు.

…

ఒరే. … లేదు, నేను 'ఊ' అనలేదు. … అనను కూడా. అని రేపు ఊళ్ళో మొహమెలా చూపించను? … అది గడియ పెట్టి పారిపోయింది, నేను లోపల పడున్నాను, ఏం చెయ్యను అని చెప్పుకుంటా. … అదే చెప్పుకోవాలి. అందుకని నువ్వు రాకు. … గడియ తియ్యడానికి రావద్దంటున్నా! ఇందాక రమ్మన్నాను, ఇప్పుడు రావద్దంటున్నాను. అర్థం కాలేదా?

… బయటికొస్తే నేను పరిగెత్తుకొచ్చి బస్సుకి అడ్డం పడాలిరా. బయటున్నవాణ్ణి ఊరుకోలేను. అంతమందిలో మాట్లాడినవాణ్ణి. లోపలున్నా కాబట్టి…

…

ఉండు, తలుపు దగ్గరెవరో. — ఎవరది? … చిన్నదానా? … గడియ తియ్యకు. తియ్యకమ్మా. … చెయ్యి తీసెయ్ దాని మీంచి. … అమ్మ తియ్యమందా? ఎప్పుడూ? … అమ్మతో చెప్పు, రేడియో ఇంకాస్త పెంచమను. … ఊరికే. పాట బాగుంది. — ఏయ్, వెళ్ళకు. అక్కడే ఉండు. ఉండు కానీ ముట్టుకోకు.

హలో… ఉన్నావా? ఇంకా కదలవేం?

…

మళ్ళీ 'ఊ' అనమంటావేంట్రా! సిగ్నలు లేదు. … వినపడట్లేదు నాకు. … నా మాట నీకు వినపడితే నాకేం? నాకు వినపడట్లేదంటున్నా.

…

ఒరే, మలుపు దాటాక కల్వర్టుందే — అక్కడ ఆకులన్నీ రాలి, తడిసి, కుళ్ళి రోడ్డు సబ్బుముక్కలా ఉంది. నిన్న నా ట్రాక్టరే జారింది. నెమ్మదిగా పోనీయ్.

…

నేనన్నది అంతే. నెమ్మదిగా పోనీయ్ అన్నా. ఇంకేం అనలేదు, గుర్తు పెట్టుకో. వడ్రంగి అడిగినా ఇదే చెప్పు.

…

అది ఎటు కూర్చుంది? … ఇటువైపు వద్దు. అటు కిటికీ దగ్గర కూర్చోబెట్టు. … ఇటు కూర్చుంటే ఈ గది కనపడుతుంది దానికి. … ఆకుల్లేవుగా, అన్నీ కనపడతాయి.

…

వినదా? సరే, దానిష్టం.

…

చాల్లే, ఫోను పెట్టెయ్ ఇంక. బండి నడుపుతూ మాట్లాడకూడదు. … రూలు.

…

హలో? … హలో?

… పెట్టేశాడు.

చిన్నదానా… ఉన్నావా అక్కడే? … కదిలిందా? నాకూ కనపడుతోంది. … ఇప్పుడే కాదు. తియ్యకు. మలుపు దాటనీ.