అమ్మ పోసింది

ఆదోనిలో ఒక ఆసుపత్రి. జబ్బులకు కోడ్లు వేసే చిన్న గది. కంప్యూటరు ముందు దినేష్. అతని ఎదురుగా ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన బాలింత మహేశ్వరి, పక్కనే ఆమె అత్త హులిగమ్మ. ఒళ్లంతా బొబ్బలతో ఉన్న పసిబిడ్డ పై అంతస్తులో ఉంది. నిన్నటి నుంచి తల్లిని బిడ్డ దగ్గరికి రానివ్వడం లేదు.

“మళ్లీ అదే మాట! టీ అంటే ఏమి, సార్? నాకు తెలిసేటట్ల సెప్పు.”

“టీ కోడంటే కాలిన గాయం, అమ్మా. కాగే నీళ్లు పడి కాలింది. ఎవరు పోసినారంటే, తల్లి. అందుకే నిన్ను లోపలికి ఇడిసేది లేదు. పోలీసోళ్లు వచ్చి మాట్లాడినంకనే.”

“నేను కాగే నీళ్లు పొయ్యలేదు! పాలు గడ్డకట్టి రొమ్ములు పగిలిపోతాండాయి. నా బిడ్డ పైన ఏడుస్తాండాది. నువ్వు ఈడ కుర్చీలో కూర్చోని టీ అంటావు!”

“నా మీద అరిస్తే ఏమొస్తాది? డాక్టరు రాసింది చూసి కోడ్ వేసేదే నా పని. ‘మదర్ పోర్డ్’ అని రాసినాడు. తల్లి పోసింది అని.”

“యా డాక్టరు? ఆ ఢిల్లీ ఆయప్పనా? ఆయప్పకు తెలుగు వస్తాదా?”

“నేర్చుకుంటాండాడు. బిడ్డకు ఏమయ్యిందని అడిగితే మీ అత్త ‘అమ్మ పోసింది’ అన్నాదంట. అమ్మ అంటే మదర్, పోసింది అంటే పోర్డ్. ఆయనకు వచ్చిన తెలుగు అంతే.”

“అయ్యో సామీ! అమ్మ పోసిందంటే అమ్మవారు! ఒంటి మీద బొబ్బలు లేస్తే మనమేమంటాము? ఆదోనిలో పుట్టినోనివి, నీకు తెల్దా?”

“తెలుసు. కానీ నా ముందరికి తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది. దాంట్లో అమ్మవారు లేదు.”

“అత్తా, సెప్పు. నువ్వు అమ్మవారినే గదా అన్నావు? నోరు తెరిసి సెప్పు!”

“అమ్మ పోసింది అంటి. యా అమ్మో డాక్టరే సెప్పినాడు గదా.”

“అత్తా!”

“అరవొద్దు మే. మొదట నేనూ అమ్మవారే అనుకొంటి. గుమ్మానికి ఏపాకు కట్టలేదా? డాక్టరు కాలిందన్నంక నాకు తెలిసొచ్చింది. నీళ్లు ఎంత కాగినాయో తల్లికి తెలీదు ఒక్కోసారి.”

“నా తల్లి ఉంటే నీ ఇంట్లో కానుపు అయ్యేదాన్నా? యా ఇంట్లోనన్నా పసిబిడ్డకు అవ్వ నీళ్లు పోస్తాది. నువ్వు సెంబు ముట్టలేదు. పచ్చి బాలింతను, బిడ్డకు నేనే పోస్తిని. ఇప్పుడు నన్నే పట్టిస్తావా?”

“సెంబు పట్టుకున్న సెయ్యి నీదే అయినప్పుడు ఇంకెవర్ని అనాల?”

“మీ కొట్లాట బయట పెట్టుకోండి! ఇద్దరూ నా మాట ఇనండి. కర్నూలు చర్మం డాక్టరు ఫోటోలు చూసినాడు. ఇది కాలింది కాదేమో అంటాండాడు. క్యూ కోడ్ కావొచ్చంట.”

“క్యూ అంటే?”

“పుట్టుకతోనే వచ్చింది. తోలు లోపలి పొరకు గట్టిగా అతుక్కోదు. బట్ట రాసుకున్నా బొబ్బ లేస్తాది.”

“మార్చు మరి! ఇప్పుడే మార్చు!”

“నా ఇష్టమొచ్చినట్ల మారిస్తే నా ఉద్యోగం పోతాది. మీ వంశంలో ముందు యా బిడ్డకన్నా ఇట్ల అయ్యిందేమో అడగమన్నాడు. నీది మేనరికమా?”

“ఈమె మా నాయన సొంత సెల్లెలు.”

“చూడు మరి. రెండు పక్కలా ఒకటే రక్తం. అవ్వా, నువ్వు చెప్పు. ఇట్లాంటి బిడ్డ ఎవరన్నా పుట్టినారా?”

“లేదు.”

“బాగా గుర్తు తెచ్చుకో.”

“లేదంటి గదా! మా రక్తానికి వంక పెట్టనీకి పిలిపించినావా? మా అన్న కూతురికి బుద్ధి లేదను, ఒప్పుకుంటా. మా రక్తంలో తప్పుందంటే ఒప్పుకోను.”

“అబద్ధం, సార్! మా ఆయనకు ముందర ఒగడు పుట్టి పోయినాడంట. ఆయనే సెప్పినాడు నాకు.”

“వానిది వేరే.”

“ఏం వేరే?”

“వేరే అంటే వేరే! వాని మాట ఎత్తితే పండ్లు రాలగొడతా మే.”

“రాలగొట్టు! నా బిడ్డను నాకిచ్చి రాలగొట్టు! వానికి బొబ్బలు లేసినాయా, లేదా?”

“...లేసినాయి.”

“ఎప్పుడవ్వా?”

“నీళ్లు పోసినంక.”

“ఎవరు పోసినారు? అత్తా, నిన్నే. ఎవరు పోసినారు?”

“నేను. నేనే పోసినాను. మోసెయ్యి ముంచి సూసే పోసినాను. గోరువెచ్చగా ఉన్నాయి. మా అత్త ఇన్లేదు. కాగే నీళ్లు పోసి బిడ్డను సంపుకున్నాదని ఇంటింటికీ పోయి సెప్పింది. అంతమంది అంటాంటే నా సెయ్యిని నేనే నమ్మలేకపోతిని. ఆ దినం నుంచి నేను యా పసిబిడ్డకూ సెంబు ఎత్తలేదు.”

“అత్తా...”

“నీ సెయ్యీ నా సెయ్యి లాంటిదే అనుకొంటిని మే.”

“అవ్వా, ఏడవొద్దు. ఇది చెప్పు. నీళ్లు తగలని చోట కూడా లేసినాయా?”

“మొలతాడు కట్టిన సోట లేసినాయి. ఎత్తుకుంటే సంకల కింద తోలు నా సేతికే వచ్చేది. నీళ్లు పొయ్యకముందే కాళ్ల మీద రెండు ఉండె. సెప్తే ఎవరు ఇన్నారు?”

“డాక్టరే తేల్చాల, అవ్వా. కానీ నువ్వు చెప్పేదాన్ని బట్టి అది కాలింది కాదు. వానికీ ఇదే. పుట్టుకతోనే ఉండాది. ఎవరు పోసినా, పొయ్యకపోయినా లేస్తాయి.”

“సారూ... అయితే నా బిడ్డను నేను సంపలేదా?”