మోకాలెత్తు నల్లా

నవ్వుతున్నవా? నవ్వు నవ్వు. గా నల్లాను జూసి కొత్తగొచ్చిన ప్రతోడు నవ్వుతడు. మోకాలెత్తుల ఏందీ, బిందె గూడ కింద పట్టది, చెంబుతోని పట్టి పోసుకోవాల్నా, ఏ తెలివితక్కువోడు పెట్టిండో అంటరు. నువ్వు జర ఇటు జరుగు బిడ్డా, గాడ కోడిపెంట ఉన్నది, నీ లంగ ఖరాబైతది. ఆ, గట్ల కూసో. గా నల్లా పెట్టిచ్చింది ఎమ్మెల్లే. మా పెద్దులన్న. గొర్లు గాసెటోడు అసెంబ్లీకి పోయిండంటే మీ కాలేజీల నమ్ముతరో లేదో, నమ్మకుంటే మాయె. నేను ఆయనెంబడి పదేండ్లు మందల తిరిగినోన్ని. ఆయన గెలిచిన్నాడు నల్లగొండ బజార్ల ఎగిరి దుంకినోన్ని. గిప్పుడు గిట్ల కొడవలి తీరు వంగి కూసున్న గాని, గప్పుడు ఈ తాత నడుము దుంకేటంత ఉండె.

ఏం జెప్తున్న? ఆ, నీళ్లు. మన మర్రిగూడ దిక్కు బాయినీళ్లల్ల ఫ్లోరైడ్ ఉండె, గా సంగతి మీ బాపు చెప్పే ఉంటడు. తాగితే ఏం తెల్వది, గదే దాని మోసం. పోరగాండ్ల పండ్లు పచ్చబడుతుండె, ముప్పై దాటంగనే మోకాళ్లు బిగుసుకపోతుండె, ఇగ నడుము వంగుడు షురూ. మా పెద్దోళ్లు అదంతా మన గ్రహచారమనుకొని ఊకున్నరు. పెద్దులన్న తల్లి ఈదమ్మ, నలభై ఏండ్లకే ముఖం నేలకు పెట్టి నడుస్తుండె. ఆకాశం జూసి ఎన్నేండ్లాయెనో ఆమెకే యాదికి లేదు. ఆమెతోని మాట్లాడాలంటే మనం కింద కూలబడాలె. పెద్దులన్న ఎప్పుడు గట్లనే కూలబడి, "ఏందవ్వా" అంటుండె. ఆయనకు సదువంటావా, పాలు పోసిన ఇంటి పంతులు తాన నాలుగు అక్షరాలు నేర్చుకున్నడు, సంతకం జేస్తడు, కాయితం సదువుతడు, గంతే. గాని కండ్లు మస్తు పదును. ఎండకాలం ముంగట మా మందలన్ని అచ్చంపేట దాటి అమ్రాబాద్ అడివికి పోతయి గదా, ఆడ మేత ఉంటది. గాడ చెంచోళ్ల ముసలోళ్లను జూసిండు. డెబ్బై ఏండ్లోళ్లు నిటారుగ నడుస్తున్నరు. వాగు నీళ్లు తాగుతున్నరు. "గోపిగా, మనోళ్ల తలరాత గాదురా, మన బాయిది తప్పు" అన్నడు. నాకైతే ఎక్కలే. ఇంటికొచ్చి తల్లికి చెప్తే ఆమె ఏమన్నదో ఎర్కేనా? "నీ పెండ్లాం కడుపుతోనున్నది గద బిడ్డా, ఆ పుట్టేదన్న మనుషుల ముఖాలు జూసుకుంట నడువాలె" అన్నది. ఆ మాటకే ఆయన మంచినీళ్ల కోసం ఎలక్షన్ల నిలవడ్డడు, ఇంకో దేనికి గాదు.

యాభై ఏడుల ఓడిండు. ఎందుకు ఓడడు? ఎలక్షనొచ్చే యాళ్లకు మా ఓట్లన్ని అడివిల గొర్లెంబడున్నయి. ఊర్ల ఉన్నోళ్లు ఎదురు నిలవడ్డ దొరకు భయపడి ఆయనకే ఏసిండ్రు. రెండు వందల ఓట్లతోని పోయింది. దొర మనుషులు మా దొడ్ల ముంగట్నుంచే డప్పులు గొట్టుకుంట పోయిండ్రు, "ఏం పెద్దులూ, గొర్లు ఓట్లేయలేదా?" అనుకుంట. నాకు ఒళ్లు మండింది. ఆయనైతే నవ్విండు. "ఏస్తయి దొరా, వచ్చేపారి ఏస్తయి" అన్నడు.

అరవై రెండుల మళ్ల నిలవడ్డడు. గీపారి ఆయనే కాలినడకన అడివికి పోయిండు. దొడ్డి దొడ్డికి పోయి, మందకొక్కన్ని కావలుంచి తక్కినోళ్లందరు రావాలె అని చెయ్యి పట్టుకొని అడిగిండు. వచ్చిండ్రు బిడ్డా! గొంగడి భుజమ్మీదేసుకొని, సద్ది గట్టుకొని, నాలుగు దినాలు నడిసి వచ్చిండ్రు. గాని ఓటేసే తీరు మారింది గప్పుడే. ముందు ఎలక్షన్ల ఎవల డబ్బా వాళ్లకుండె, డబ్బా మీద బొమ్మ జూసి కాయితం ఏసుడే. గిప్పుడు ఒక్కటే డబ్బా, ఒక్కటే కాయితం, అందరి బొమ్మలు దాని మీదనే. మనోని బొమ్మ మీద ముద్దర గుద్దాలె. మాది నిచ్చెన, దొరది కోడిపుంజు. ఇగ మనోళ్లకు నేర్పే పని నాకిచ్చిండు పెద్దులన్న. నేనేమన్న తక్కువోన్నా? "ఏం ఫికర్ లేదు, గొర్రెకు ముద్దర ఏస్తం గదా, గట్లనే ఏయుండ్రి, గంత అల్కగ" అని ఊరూరా తిరిగి చెప్పిన. అందరు తలకాయలూపిండ్రు. నేను మీసం దువ్వుకున్న.

ఓట్లు మూడొద్దులున్నయనంగ పెద్దులన్న, ఒకసారి జూద్దాం పా అన్నడు. కాయితాల మీద బొగ్గుతోని నిచ్చెన, కోడి గీసినం. ఉల్లిగడ్డ సగం గోసి, ఎర్రమట్టి జాజుల ముంచి, నలభై మందితోని ముద్దర ఏయించినం. ఇప్పి జూస్తే ఏముంది! నలభైకి నలభై కోడి మీదనే! ఒక్కటంటే ఒక్కటి నిచ్చెన మీద లేదు. నా నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. "థూ, మీ బతుకులు చెడ! దొర తాన ఎన్ని ముంతల కల్లు తాగిండ్రురా?" అని కట్టె లేపిన. మా లచ్చయ్య ఉన్నడు, పెద్దమనిషి, మందల పుట్టి మందలనే ముసలోడైనోడు, ముంగటికొచ్చి, "ఎందుకు ఒర్రుతవు గోపయ్యా? నువ్వు చెప్పినట్టే ఏసినం. కటికాయన మందలకొచ్చి ఏరుకున్న గొర్రెకే గదా జాజు ముద్దర ఏసేది? ముద్దర పడ్డది ఇగ దొడ్లకెళ్లి పోయినట్టే. దొర పోవాలె, కోడికి ఏసినం. పెద్దులు మనోడు, ఉండాలె, మేమెందుకు ముద్దర ఏస్తం?" అన్నడు. ఆయన మాటల ఒక్క తప్పు లేదు. తప్పు నాది. పదిహేను ఊర్లు తిరిగి, మా ఓట్లన్ని నేనే దొరకు పట్టిచ్చిన! పెద్దులన్న గా కాయితాలు చేతుల పట్టుకొని తల్లి పక్కపొంటి కింద కూలబడ్డడు. నాకు ఏడుపాగలే, నిజంగనే ఏడ్సిన.

ఈదమ్మ ముఖం నేలకు పెట్టే కందులు ఏరుతున్నది. ఏరుకుంటనే, "గొర్రె మాట ఇడిసిపెట్టుండ్రి. బొట్టని చెప్పుండ్రి. బొట్టు ఇంట్లకు వచ్చేదానికి పెడతమా, పోయేదానికి పెడతమా?" అన్నది. గంతే! పెద్దులన్న లేచి ఎగిరిండు. ఆడోళ్లందరు కుంకుమ భరిణెలు పట్టుకొని బయిలెల్లిండ్రు. మా సుక్కమ్మ, అదే మీ నానమ్మ, గప్పుడు కొత్త కోడలు, మూడొద్దులల్ల పదిహేను ఊర్లు తిరిగింది. ప్రతి ఇంట్ల కాయితం ముంగట పెట్టి, "అక్కా, నిచ్చెన మనింటి కోడలు, బొట్టు పెట్టు" అని పెట్టించింది. మొగోళ్లతోని గూడ పెట్టించింది. నేను ఆమె ఎనుక గంపెత్తుకొని పోయిన, నోరు మూసుకొని.

నల్లగొండల ఓట్లు లెక్కవెట్టిన్నాడు పగటాలదాక కోడే ముంగటున్నది. దొర మనుషులు పూలదండలు తెచ్చి పెట్టుకున్నరు. ఆఖరికి మా దిక్కు డబ్బాలు ఇప్పిండ్రు. ఇగ జూడు, నిచ్చెన, నిచ్చెన, నిచ్చెన! సార్లు సదువుకుంట అలిసిపోయిండ్రు. ఏడు ఓట్లు మాత్రం కొట్టేసిండ్రు, ఎందుకంటవా? ముద్దర మీద మళ్ల నిజం కుంకుమ పెట్టొచ్చిండ్రు ఎవలో మహాతల్లులు! అయినగూడ మూడు వందల పదకొండుతోని గెలిచినం. గొంగళ్లు ఆకాశంలకు ఇసిరినం. గా దొర దండలున్నయి సూడు, అవే కొనుక్కొచ్చి పెద్దులన్న మెడలేసిన, సగం ధరకే ఇచ్చిండ్రు! "గొర్లు ఓటేసినయి దొరా!" అని లచ్చయ్య ఒర్రిన ఒర్రుడు నాకింకా చెవులల్లనే ఉన్నది.

అసెంబ్లీకి గొంగడితోనే పోయిండు. మన బాయినీళ్లు సీసల పట్టుకపోయి మంత్రి ముంగట పెట్టి, "ఇరవై ఏండ్లు తాగుండ్రి, మీకు గూడ మా అవ్వ తీరు నేల మంచిగ కనవడుతది" అన్నడట. పశువుల దవాఖాన తెచ్చిండు, బడి తెచ్చిండు, గాని నీళ్లు తెచ్చేదాక చెప్పులు తొడగనన్నడు, తొడగలే. నాలుగేండ్లు పట్టింది. ఆరు కోసుల దూరం చెరువుకాడికెళ్లి పైపులేసిండ్రు. నల్లా బిగించెటప్పుడు ఇంజనీరు ఛాతెత్తు పెట్టిండు. పెద్దులన్న తీసెయ్యమన్నడు. "ఎమ్మెల్లే సాబ్, గంత కిందికా? లోకమంత నవ్వుతది" అన్నడు ఇంజనీరు. "నవ్వనీ. ముందుగాల తాగాల్సినోళ్లు గంతెత్తే ఉన్నరు" అన్నడు. ఈదమ్మ ఎవల చెయ్యి పట్టుకోకుంట వచ్చింది. నల్లాకు బొట్టు పెట్టింది. తనే తిప్పి, దోసిలి పట్టి, కడుపునిండ తాగింది. ఆమె మనవరాలు, గా కడుపుల ఉన్న పిల్లే, గప్పటికి తొమ్మిదేండ్లది, పక్కన నిలవడి జూసింది. అవ్వను జూసి ఊరంత ఏడ్సింది, సంబురానికి. పెద్దులన్న గాన్నే కూసోని, కొత్త చెప్పులు తొడుక్కున్నడు. ఇంకోపారి గూడ ఆయన్నే గెలిపిచ్చినం, ముద్దర సంగతి ఎవలకు చెప్పే పని వడలే.

మాకైతే ఆలిశమైంది బిడ్డా, మా బొక్కలు అప్పటికే వంగినయి. మీ బాపు పుట్టింది నల్లా వచ్చినంక. ఏదీ, నువ్వోసారి లేచి నిలవడు. గోడకు ఆనకు, ఊకె నిలవడు. నాకు మెడ లేవది, నీ ముఖం ఆడిదాక ఎట్ల జూస్తగాని, నీ నీడ జూస్తున్న. అబ్బో... ఎంత పొడుగుందే, ఎంత సక్కగున్నదే.

సరె, ఇగ పో. చెంబు పట్టుకపో, కోళ్లకు నీళ్లు పొయ్యి.