వరహాలమ్మ సొంత నెట్టు

కొల్లాటి వరహాలమ్మ అని ఉందిలే, లేసు అల్లడంలో ఆవిణ్ణి మించినోళ్ళు నరసాపురం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేరంట. చూపు సూది మీద ఉండదు, ఎదటి మనిషి మొహం మీద ఉంటాది, చేతులు మటుకు ఆడతానే ఉంటాయి. నోరూ ఆడతానే ఉంటాదనుకో. ఆవిడికో అలవాటు. యాడ ఏ నమూనా కనపడ్డా సరే, ముగ్గయినా, బస్సు సీటు గుడ్డయినా, ఇంటికొచ్చి చిన్న మచ్చు ముక్క అల్లేసి సంచిలో పడేసుకుంటాది. కాయితం అయితే నానిపోద్ది, పిల్లలు చింపేస్తారు, దారంలోకి ఎక్కిస్తే ఎక్కడికీ పోదని ఆవిడ లెక్క. నవ్వుతారేంటే, మీరూ అంతేగా!

అయితే ఏవైందంటే, లేసు షావుకారు గంగరాజు గారున్నాడు కదా, మనకి దారం ఇచ్చి అల్లకం పట్టుకెళ్ళే ఆయన, ఆయనకి ఇటలీ దేశంలో ఏదో లేసుల సంత నుంచి పిలుపొచ్చిందంట. అల్లే ఆడాళ్ళని కూడా తీసుకురండి, జనం ఎదట కూచుని అల్లాలి అన్నారంట. ఇంక తప్పక వరహాల్నీ, ఆవిడ తోటికోడలు దుర్గమ్మనీ రమ్మన్నాడు. రమ్మని ఏవన్నాడూ, "ఇదిగో, అక్కడ మీ ఫోన్లు పంజెయ్యవు, ఇంట్లో పెట్టేసి రండి. ఎవరేం అడిగినా నేను చెప్తాను, మీరు తలొంచుకుని అల్లండి" అన్నాడు. దుర్గమ్మ సరేనండీ అని ఫోను ఇంట్లో పెట్టేసింది. వరహాలు ఊరుకుంటాదా? గోదారి కెరటం నమూనా అని ఆవిడొకటి పుట్టించింది, ఆర్నెల్లు విప్పి అల్లి, విప్పి అల్లి. దాన్ని ఈయన "మా కంపెనీ డిజైను" అని పుస్తకంలో అచ్చేయించుకున్నాడు. అదీ ఆవిడ కడుపుమంట. నా చేతిలో పుట్టినదాని గురించి నేను కాకపోతే ఎవరు చెప్తారు, వాళ్ళ భాష రాకపోతే ఫోను చెప్తాది, మాట తిప్పి చెప్పే యాప్ ఉందంట కదా, దానికి నెట్టుంటే చాలు, ఆ నెట్టేదో నేనే కొనుక్కుంటాను అంది.

అని మర్నాడే సెల్లు షాపుకి పోయింది. ఆ షాపాయన ఏవన్నాడంటే, ఇప్పుడు సిమ్ముముక్క అక్కర్లేదమ్మా, ఈ-సిమ్ అని వచ్చింది, గాల్లోంచే ఎక్కుద్ది అన్నాడు. గాల్లోంచి వచ్చేదాన్ని ఊరికే కొనేస్తాదా ఆవిడ? ముందు నా ఫోను దాన్ని పుచ్చుకుంటాదో లేదో చూడు అంది. చూశాడు, పుచ్చుకుంటాది. అప్పుడు మూడు రకాలు చూపించాడంట. ఇది ఇటలీకి ఒక్కదానికేనమ్మా, ఇది యూరప్ దేశాలన్నిటికీ, ఇదేమో అన్‌లిమిటెడ్, ఎంతైనా వాడుకో అన్నాడు. "ఎంతైనా అంటే ఎంత?" అంది. రోజుకో జీబీ దాటితే నెమ్మదిస్తాదమ్మా అన్నాడు నసుగుతా. "అయితే ఎంతైనా అనకు. పేరులోనే అబద్ధం ఉన్నది నాకొద్దు, తీసి లోపల పెట్టు" అంది. పోనీ ఇటలీది తీసుకోండి, చవకొస్తాది అన్నాడు. "విమానం జర్మనీలో మారుతాదంట. అక్కడాయన నన్నొదిలేసి పోతే నేనెవరిని అడగను? దేశాలన్నిటిదీ ఇయ్యి, ఏడు రోజులది, ఐదు జీబీలు చాలు" అంది. ఇందులో మాట్లాడే నంబరుండదమ్మా, నెట్టొక్కటే అన్నాడు. నంబరు నాకెందుకయ్యా, నా మాట అవతలోళ్ళకి అందితే చాలు అంది. చూశారా, పట్టుచీర కొన్నా మనం అన్ని అడగం!

షాపాయన ఓ గళ్ళ బొమ్మ కాయితం మీద అచ్చేసి ఇచ్చాడు. దీన్ని ఫోనుకి చూపిస్తే సిమ్ము ఎక్కుద్ది, ఒక్కసారే ఎక్కుద్ది, ఎక్కించిన రోజు నుంచే రోజులు లెక్క, అందుకని అక్కడికెళ్ళాకే ఎక్కించుకో, ఎక్కించేటప్పుడు మాత్రం ఎవరిదో ఒకరి వైఫై కావాలి అని అన్నీ చెప్పాడు. వరహాలు ఇంటికొచ్చి ఆ బొమ్మని చూసి, "ఓసినీ, ఇది మన జాలీ లేసే కదే!" అందంట. నిజవే. ఓ గడి నిండుగా, ఓ గడి ఖాళీ. అటు ముప్పై మూడు, ఇటు ముప్పై మూడు. ఇంక ఆ చేతులాగుతాయా? తెల్లదారంతో మచ్చు అల్లేసి సంచిలో పడేసింది.

విమానం ఎక్కేముందు గంగరాజు గారు, మీరు పారేసుకుంటారు ఇలా ఇవ్వండని పాస్‌పోర్టులూ కాయితాలూ అన్నీ తన బ్యాగులో పెట్టేసుకున్నాడు. గళ్ళ కాయితం కూడా పోయింది అందులోకి. ఇటలీలో దిగాక అడిగితే, "అదా, చెత్త కాయితం అనుకుని పారేశానే" అన్నాడంట. అదేంటో తెలిసే పారేశాడో, తెలీక పారేశాడో, మీకు తెలీదా ఏంటి?

సరే, సంతలో కూచున్నారు, అల్లుతున్నారు. ఎల్విరా అని ఓ ముసలావిడ వచ్చింది, ఆవిడా లేసు మనిషే, పెద్ద కొట్టుందంట. గోదారి కెరటం చూసి అక్కడే నిలబడిపోయింది. వరహాలు చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. వరహాలు నోరు తెరిచేలోపు గంగరాజు గారు అడ్డమొచ్చి, గుండె మీద టపటపా కొట్టుకుని ఏదో చెప్పాడు. ఆ మాటలు అర్థం కాకపోయినా, ఆ కొట్టుకోడం అర్థమైంది వరహాలుకి. "ఏవండీ, మీ ఫోన్లో నెట్టు కాస్త ఇటు వదలండి" అంది. "నీకెందుకు నెట్టు, అల్లు" అన్నాడు. ఆవిడ సూది కింద పెట్టేసింది. దుర్గమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం కాడ కాఫీ బంకుకి నడిచింది. ఆడ మటుకే ఉచితంగా వైఫై ఉందంట, బంకులో పిల్ల సైగల్తోనే ఎక్కించి ఇచ్చింది. వరహాలు సంచిలోంచి ఆ గళ్ళ బొమ్మ మచ్చు తీసి నల్ల శాలువా మీద పరిచి ఫోను పెట్టింది. పట్టలేదు. మళ్ళీ పెట్టింది, పట్టలేదు. దుర్గమ్మ ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు తట్టింది వరహాలుకి, కాయితం మీద నిండు గడి నలుపు, మన దారమేమో తెలుపు, అంతా తిరగబడిపోయింది! గబగబా తీసుకెళ్ళి కిటికీ అద్దానికి వేలాడదీసింది. బయట ఎండ. వెలుక్కి దారం నల్లగా కనపడింది, ఖాళీలు తెల్లగా వెలిగాయి. టక్కున పట్టేసింది ఫోను, సిమ్ము ఎక్కేసింది! ఏవే, ఊపిరి బిగబట్టారేం, పట్టేసిందన్నానుగా.

వచ్చేటప్పటికి గంగరాజు గారు ఎల్విరా ముందు ఆ నమూనా అమ్మకానికి ఒప్పందం కాయితం పెట్టి, పెన్ను కూడా చేతికిచ్చేశాడు. వరహాలు మధ్యకెళ్ళి నిలబడి ఫోను నోటి కాడ పెట్టుకుని, "అమ్మా, ఈ నమూనా ఈయనది కాదు, నాది. ఆర్నెల్లు నా కళ్ళు ధారపోసి పుట్టించాను. నా పేరు కొల్లాటి వరహాలమ్మ" అంది. ఫోను వాళ్ళ భాషలో చెప్పేసింది. గంగరాజు గారు మొహం జేవురించి, "తిరుగు టిక్కెట్టు నా చేతిలో ఉంది, గుర్తుంచుకో" అన్నాడు. "దాచుకోండి. మీరెక్కించకపోతే దారి అడుక్కుంటా వస్తాను, అడగడానికి నెట్టుంది. నా నమూనా మటుకు మీ పేరున ఇక్కడ ఒదిలి రాను" అంది. అదీ తెలుగులోనే అన్నా, ఫోను దాన్ని కూడా తిప్పి చెప్పేసిందంట! ఎల్విరా పెన్ను మూసేసింది. ఇంకో కాయితం తీసి, దాని మీద పేరు ఆవిణ్ణే రాయమంది. వరహాలు తెలుగులో రాసింది, ఒత్తులతో సహా.

టిక్కెట్టు మటుకు ఇవ్వక తప్పలేదు గానీ, ఊరికొచ్చాక గంగరాజు గారు ఆ ఇంటికి దారం ఇవ్వడం మానేశాడు. మానేస్తే మానేశాడు, ఆవిడికి పని ఆ ముసలావిడ కాణ్ణించే వస్తంది. ఈయన మటుకు ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటా తిరుగుతాడు, ఆ ఫోను తప్పుగా తిప్పి చెప్పిందండీ, మా వరహాలు అలాంటి మాట అనే మనిషి కాదండీ అని. ఫోను ఏం చెప్పిందో నాకు తెలీదు గానీ తల్లీ, వరహాలు మాత్రం అదే అంది. మా వీధిలో ఆయన కనపడ్డప్పుడల్లా, ఇప్పటికీ అంటానే ఉంది.