కలరా ఉండలతో కొండ దాటిన కారు

కనుమ కింది టీ దుకాణంలో అషిర్బాయ్ కూర్చున్నాడంటే, పొయ్యి మీది కెటిల్ కంటే ముందు అతని నోరే మరిగేది. ఆ మధ్యాహ్నం ఎదురుగా ఇద్దరున్నారు. ఒకడు పాత నేస్తం కాలిక్. రెండోవాడు పక్క ఊరి ఉలుక్మాన్, ఈ మధ్యే ఒక పాత కారు కొన్నవాడు.

"మొదట నేను వేసింది నాలుగే నాలుగు కలరా ఉండలురా," అన్నాడు అషిర్బాయ్. "పెట్రోలేమో నీళ్ళు కలిపింది, కారేమో మా నాన్న నాటిది. కొండ ఎక్కమంటే ముసలి గాడిదలా దగ్గేది. మా ఆవిడ కంబళ్ళ పెట్టెలోంచి నాలుగు ఉండలు తీసి ట్యాంకులో పడేశాను. దగ్గు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీ ఆవిడ కంబళ్ళు చిమ్మటలు కొట్టేశాయి," అన్నాడు కాలిక్.

"అదీ అయిందిలే! ఇంతలో ఈ కాలిక్ వాళ్ళ నాన్నకి ప్రాణం మీదికొచ్చిందని కనుమ అవతలి నుంచి కబురు. ఎక్కరా అన్నాను. పెట్టెలో ఉన్న ఉండలన్నీ ఒంపేశాను, పైన సీసాడు వోద్కా, గుర్రాల కీళ్ళకి రాసే కర్పూర తైలం కూడా. మొదటి మలుపులో గద్దని దాటేశాం. రెండో మలుపులో మా నీడ వెనకబడిపోయి ఆగమని కేకలు పెట్టింది. ఆ పొగకి లోయలో చిమ్మటలన్నీ చచ్చి, ఈనాటికీ అక్కడ ఒక్క కంబళికి చిల్లు లేదు. మూడో మలుపులో ఇక చక్రాలు నేలనే తాకలేదు! ఊళ్ళో దిగేసరికి, మాకు కబురు తేవాల్సిన మనిషి ఇంకా జీను కడుతున్నాడు. వీళ్ళ నాన్న లేచి కూర్చుని, ఏరా, పిలవకముందే వచ్చారేం అని గిన్నెడు సూప్ తాగాడు."

అబద్ధానికి కాళ్ళుండవంటారు. అషిర్బాయ్ దానికి చక్రాలు బిగించాడు.

ఉలుక్మాన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "కొట్లో ఉండలుంటాయి కదా అన్నా? రేపు మా ఆవిడని కాన్పుకి అవతలి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నా కారూ అలాగే దగ్గుతోంది."

అషిర్బాయ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఈ కథ ఆ సూప్ దగ్గరికి వచ్చేసరికి కాలిక్ ఎప్పుడూ గుర్రాన్ని చూడ్డానికి లేచి వెళ్ళిపోయేవాడు. ఇవాళ కదల్లేదు.

"ఇరవై ఏళ్ళుగా ఆ కారుని కనుమ దాటిస్తూనే ఉన్నావు, అషిర్బాయ్," అన్నాడు మెల్లగా. "నేనింకా మూడో మలుపులోనే ఉన్నాను."

తను నిజం చెప్పకపోతే రేపు ఉలుక్మాన్ భార్య ఆ మలుపులో ఆగిపోతుంది. అషిర్బాయ్ ఆ సంగతి గ్రహించాడు. ఇంత ఆలస్యంగా గ్రహించినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

"కూర్చో ఉలుక్మాన్. ఆ కారు మూడో మలుపు దాటలేదు. పైన చలికి ఆ ఉండలు మళ్ళీ గడ్డకట్టి పెట్రోలు దారి మూసేశాయి. వీడు గుర్రం మీద వెళ్దామన్నాడు. నేనే వినలేదు. మన ఆచారం ప్రకారం డేరా బయట కర్ర మీద వంగి, అయ్యో నాన్నా అని ఏడవాల్సిన పెద్దకొడుకు వీడు. మేం చేరేసరికి జనం గోరీ దగ్గర్నుంచి తిరిగొస్తున్నారు. పిడికెడు మట్టి కూడా వేయలేకపోయాడు."

ఉలుక్మాన్ టోపీ తీశాడు. "మరి రేపు?"

"తెల్లారగానే బొగ్గు లారీ అవతలికి వెళ్తుంది. డ్రైవర్ని నేను బతిమాలుతాను."

కాలిక్ కెటిల్ అందుకుని అషిర్బాయ్ గిన్నెలో టీ పోశాడు. అషిర్బాయ్ అది రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేకపోయాడు.